సేంద్రియ వైట్ వైన్, దాని వెనకున్న నేల: విశాఖలో తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో హోటళ్ల సిబ్బందికి వైన్ గురించి తరగతులు చెబుతుంటాను. క్లాసు అయ్యాక వాళ్లు అడిగేవి, స్నేహితులు ఫోన్ చేసి అడిగేవి, అమెరికా నుంచి వచ్చిన బావగారు ఒక సీసా చేతిలో పెడితే దాన్నేం చేయాలో తెలియక అడిగేవి ఇక్కడ ఒకచోట చేర్చాను. మాట గాల్లో తేలిపోకుండా ఉండాలని ఒకే వైన్‌ను పట్టుకుని చెబుతున్నాను. మద్యం అలవాటు లేనివాళ్లు దీన్ని వ్యవసాయం గురించి చదివినట్టు చదువుకోవచ్చు. ఇందులో చాలావరకు మట్టి, తెగుళ్లు, వాన సంగతులే.

ఏ వైన్ గురించి చెబుతున్నారు? అదే ఎందుకు?

ముస్కాడే. ఫ్రాన్స్ పడమటి కొసన, లువార్ నది అట్లాంటిక్‌లో కలవబోయే ముందు నాంత్ అనే నగరం వస్తుంది. దాని చుట్టుపక్కల పల్లెల్లో పండుతుంది. ద్రాక్ష రకం పేరు మెలోన్ ద బూర్గోన్. వైన్ రంగు బాగా లేత. తీపి ఉండదు. ఆల్కహాల్ 12 శాతం అటూ ఇటూ. పులుపు చురుగ్గా తగులుతుంది. నిమ్మతొక్క, పచ్చి ఆపిల్, కాస్త పులిసిన పిండి వాసన, మింగాక నాలుక అంచుల్లో ఉప్పదనం లాంటిది మిగులుతుంది.

ఈ ద్రాక్షకు సొంత పరిమళం తక్కువ. మల్లెపువ్వులా గుప్పుమనే రకాల్లో నేల తేడా ఆ వాసన వెనక దాక్కుంటుంది, ఇందులో దాక్కోలేదు. పైగా అది మనలాగే సముద్రం ఒడ్డున చేపలు తిని బతికే ఊళ్ల వైన్. ఇంకో కారణం రాయి. దాని గురించి కింద వివరంగా చెబుతాను.

1709లో యూరప్‌ను కుదిపేసిన చలికి నాంత్ ప్రాంతంలో ద్రాక్షతోటలు చచ్చిపోయాయి. చలిని కాస్త ఓర్చుకుంటుందని, త్వరగా పండుతుందని ఈ మెలోన్ రకాన్ని విరివిగా నాటారు. డచ్ వర్తకులు బ్రాందీ కాయడానికి తెల్ల వైన్ కొనేవారు, వాళ్ల గిరాకీ కూడా కలిసొచ్చింది. ముస్కాడే సెవ్ర్ ఎ మెన్ (సెవ్ర్, మెన్ అక్కడి రెండు నదులు) అనే పేరుకు 1936లో ప్రాంతీయ గుర్తింపు వచ్చింది.

టెర్వార్ అంటే మట్టేనా?

మట్టి అందులో ఒక భాగం. కింద ఉన్న రాయి, పైన మట్టి మందం, నేల వాలు, ఏ దిక్కుకు తిరిగి ఉంది, ఎంత వాన, ఎప్పుడు వాన, సముద్రపు గాలి, చలి, అక్కడి రైతులు తరతరాలుగా చేస్తూ వచ్చిన పని, ఇవన్నీ కలిపి ఆ మాట వాడతారు. మన జిల్లాల వాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గింజనే పట్టుకెళ్లి నర్సీపట్నం మైదానంలో నాటితే ఆ కాఫీ రాదని అక్కడ ఎవరినడిగినా చెబుతారు. ఎత్తు మారింది, నీడ మారింది, రాత్రి చలి మారింది. టెర్వార్ అంటే అదే.

విశాఖ కొండలకూ ఆ తోటలకూ ఏమిటి సంబంధం?

సంబంధం రాయిలో ఉంది. కైలాసగిరి దారిలోనో సింహాచలం ఘాట్ రోడ్డులోనో కొండను చెక్కిన చోట ఆగి చూడండి. తుప్పు రంగు రాయి, అందులో చారలు చారలుగా పొరలు. దగ్గరగా చూస్తే పొరల మధ్య ముదురు ఎరుపు గింజలు కనిపిస్తాయి. అవి గార్నెట్లు. వేలితో గీరితే చుట్టూ ఉన్న రాయి పొడి పొడిగా రాలుతుంది, గింజ మాత్రం కదలదు. ఆ రాయే ఖోండలైట్. ఖోండు గిరిజనుల పేరు మీద 1900ల మొదట్లో భూగర్భ శాస్త్రవేత్తలు పెట్టిన పేరు. అది నైస్ అనే శిలల జాతికి చెందింది. భూమి లోతుల్లో విపరీతమైన వేడికి, ఒత్తిడికి లోనై, చారలు తేలి, కోట్ల ఏళ్లకు పైకొచ్చిన రాయి. అది అరిగి కొట్టుకొచ్చిన గార్నెట్లే భీమిలి వైపు ఇసుకలో అక్కడక్కడా ఎర్రని చారలుగా కనిపిస్తాయి.

ముస్కాడే తోటల కింద ఉన్నదీ ఇలాంటి పాత కొండల అడుగే. ఒకప్పటి పర్వతాలు అరిగి అరిగి చిన్న గుట్టలయ్యాయి. కొన్ని తోటల కింద నైస్, కొన్నిటి కింద గ్రానైట్, కొన్నిటి కింద గాబ్రో. గాబ్రో అంటే నల్లటి, బరువైన అగ్నిశిల. మన వంటింటి గట్ల మీద వేసే చీమకుర్తి గెలాక్సీని అందరం గ్రానైట్ అంటాం కానీ అది గాబ్రో కుటుంబానికే చెందుతుంది.

మన రాయికీ వాళ్ల రాయికీ వయసు వేరు, కూర్పు వేరు. రెండూ ఒకటే అని నేననడం లేదు. నైస్ ఎలా పగులుతుందో, మట్టిగా ఎలా మారుతుందో రోజూ కళ్లతో చూసే విశాఖవాళ్లకు ఆ తోటలు తొందరగా అర్థమవుతాయి, అంతే.

రాయిని బట్టి వైన్ నిజంగా మారుతుందా?

మారుతుంది. క్లిస్సోన్ ఊరి దగ్గర గ్రానైట్ ఉంది. అది అరిగితే గరుకు ఇసుక నేల అవుతుంది. నీరు నిలవదు, త్వరగా వేడెక్కుతుంది, కాయ ముందుగా, నిండుగా పండుతుంది. వైన్ ఒళ్లు కాస్త బరువుగా ఉంటుంది. గోర్జ్ అనే ఊళ్లో గాబ్రో మీద బంకమట్టి పరుచుకుని ఉంటుంది. అది నీటిని పట్టి ఉంచుతుంది, చల్లగా ఉంటుంది, కాయ ఆలస్యంగా పండుతుంది. అక్కడి వైన్ మొదట్లో బిగుసుకుని ఉంటుంది, విచ్చుకోవడానికి ఏళ్లు తీసుకుంటుంది. క్లిస్సోన్, గోర్జ్, ల పలె అనే మూడు ఊళ్ల పేర్లకు 2011లో ప్రత్యేక గుర్తింపు ఇచ్చారు. తర్వాత మరికొన్ని ఊళ్లు చేరాయి.

దీన్ని సీసాలో పెట్టి చూపించిన రైతు గీ బొస్సార్. దొమెన్ ద లెక్యు అనే తోటలో 1970ల నుంచే రసాయనాలు మానేశాడు. ఒకే ద్రాక్షను, ఒకే పద్ధతిలో చేసి, నైస్, ఆర్థోనైస్ (అగ్నిశిల మారి ఏర్పడిన నైస్), గ్రానైట్ అని రాళ్ల పేర్లతో విడివిడిగా సీసాల్లో నింపాడు. మూడూ పక్కపక్కన పోసి తాగితే తేడా తెలుసుకోవడానికి నిపుణులు కానక్కర్లేదు. తరగతుల్లో ఈ కథ చెప్పకుండా నేను ముందుకు వెళ్లను.

అంటే రాతి రుచి గ్లాసులోకి వస్తుందన్నమాట!

రాదు. వైన్ అమ్మేవాళ్లు ఎక్కువగా తప్పుదోవ పట్టించేది ఇక్కడే. వేరు రాయిని కరిగించి దాని రుచిని కాయలోకి పంపదు. మొక్క తీసుకునేది నీటిలో కరిగిన పోషకాలను, అవీ అతి తక్కువ మోతాదులో. నాలుకకు తెలిసేంత ఏమీ ఉండదు. రాళ్లకు అసలు రుచే లేదని, వైన్‌లో ‘ఖనిజ రుచి’ అనేది ఒక పోలిక మాత్రమేనని భూగర్భ శాస్త్రవేత్త అలెక్స్ మాల్ట్‌మన్ ఎన్నో వ్యాసాల్లో వివరించారు.

మరి తేడా ఎలా వస్తుంది? నీటి వల్ల. పగుళ్లున్న రాయి మీద పలచని మట్టి ఉంటే వాన నీరు కిందికి జారిపోతుంది. తీగకు కాస్త దాహం పడుతుంది. ఆకులు, కొమ్మలు పెంచడం తగ్గించి కాయను పండించడం మీద పడుతుంది. కాయ చిన్నదవుతుంది, రసం చిక్కబడుతుంది. బంకమట్టిలో ఆ దాహం తక్కువ, కాలం ఎక్కువ పడుతుంది. నేల వేడి, రాత్రి చల్లదనం పులుపు ఎంత మిగలాలో నిర్ణయిస్తాయి. రాయి పని పరోక్షం, అయినా చిన్నది కాదు. ఈ వివరణ తెలిశాక నాకైతే ఆ తోటల మీద గౌరవం పెరిగింది.

అరకులో ఈ ద్రాక్ష ఎందుకు వేయకూడదు?

చాలామంది అడుగుతారు, ఆశగా అడుగుతారు. వైన్ ద్రాక్షకు చలికాలంలో నిద్ర కావాలి. ఆకులన్నీ రాల్చి, నెలల తరబడి విశ్రాంతి తీసుకుని, వసంతంలో చిగురించాలి. మన దగ్గర ఆ నిద్ర పట్టదు. నాసిక్‌లో ఏటా రెండుసార్లు కత్తిరించి, వానలు పోయాక పెరిగే పంటనే నిలుపుకుని, ఫిబ్రవరి, మార్చి ప్రాంతాల్లో కోస్తారు. అక్కడ ఆ నెలలు పొడిగా ఉంటాయి కాబట్టి సాగుతోంది. హైదరాబాద్ చుట్టుపక్కల ఒకప్పుడు పేరుపొందిన అనాబ్-ఎ-షాహీ తినే ద్రాక్ష, దాని లెక్క వేరు.

మన మన్యంలో వాన ఎక్కువ, గాలిలో తేమ ఎక్కువ. అక్టోబరు, నవంబరు అంటే తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు అరకు వైపు సిల్వర్ ఓక్ చెట్లు కూలి కాఫీ తోటలకు నీడ పోయింది. పందిళ్ల మీద పాకే తీగకు అలాంటి గాలి ఎంత నష్టం చేస్తుందో ఊహించండి. తేమకు బూజు తెగులు, బూడిద తెగులు విడవవు. మందులు విపరీతంగా కొట్టి పండించవచ్చేమో, సేంద్రియంగా మాత్రం కష్టం. ఆ కొండలకు కాఫీ, మిరియాలు సరిగ్గా అమరాయి. వాటిని తీసేసి ద్రాక్ష వేయమనడం నాకు నచ్చదు.

‘సేంద్రియ వైన్’ అని రాయాలంటే ఏ నిబంధనలు పాటించాలి?

యూరప్‌లో అయితే తోటలో రసాయన ఎరువులు, రసాయన కలుపు మందులు, కృత్రిమ పురుగుమందులు వాడకూడదు. మామూలు తోటను సేంద్రియానికి మార్చుకోవడానికి మూడేళ్లు పడుతుంది. ఆ మూడేళ్లూ రైతు సేంద్రియంగానే పనిచేయాలి, పంటను మాత్రం మామూలు ధరకే అమ్ముకోవాలి. అదే గండం. దిగుబడి తగ్గుతుంది, ఖర్చు పెరుగుతుంది, పేరు ఇంకా రాదు.

2012కు ముందు ‘సేంద్రియ ద్రాక్షతో చేసిన వైన్’ అని మాత్రమే రాసుకోనిచ్చేవారు. ఆ ఏడాది నుంచి వైన్ తయారీ గదికి కూడా నిబంధనలు పెట్టి ‘సేంద్రియ వైన్’ అనే మాటను అనుమతించారు. ఆకుపచ్చ దీర్ఘచతురస్రంలో నక్షత్రాలతో గీసిన ఆకు గుర్తు చూస్తే అది ఆ ముద్రే.

తోటలో పని మన రైతులకు తెలిసిన పనే. వరుసల మధ్య చిక్కుడు జాతి మొక్కలు, ఓట్స్ చల్లి దున్నేస్తారు, మనం జీలుగ, జనుము వేసి కలియదున్నినట్టు. మొదళ్ల దగ్గర కలుపును చిన్న నాగలితో తీస్తారు. కాయతొలుచు పురుగుకు ఆడపురుగు వాసనను తోటంతా వ్యాపింపజేసి మగపురుగులను తికమక పెడతారు. మన పత్తి చేలల్లో పెట్టే లింగాకర్షక బుట్టల వెనకున్న సూత్రమే అక్కడా పనిచేస్తుంది.

మరి తెగుళ్లకు ఏం కొడతారు? ఏమీ కొట్టరా?

కొడతారు. సేంద్రియం అంటే పిచికారీ లేదని కాదు. బూడిద తెగులుకు గంధకం. బూజు తెగులుకు బోర్డో మిశ్రమం. మైలుతుత్తం, సున్నం కలిపిన ఆ నీలి ద్రావణాన్ని మన కొబ్బరి రైతులు మొవ్వుకుళ్లుకు వాడతారు, తమలపాకు తోటల్లో పోస్తారు. అది పుట్టిందే ద్రాక్షతోటలో. అమెరికా నుంచి వచ్చిన బూజు తెగులు 1870ల చివర్లో ఫ్రాన్స్ తోటలను పట్టుకుంది. బోర్డో విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చెప్పే మిలార్దే ఒక సంగతి గమనించాడు. దారినపోయేవాళ్లు కాయలు కోయకుండా రైతులు రోడ్డు పక్క వరుసలకు నీలిరంగు మందు చల్లేవారు. ఆ వరుసల ఆకులే పచ్చగా మిగిలాయి. పరీక్షలు చేసి 1885లో ఆ మిశ్రమం వివరాలు ప్రచురించాడు. దొంగల భయం లేకపోతే మన కొబ్బరిచెట్టుకు ఆ మందు అందేది కాదేమో.

దీనికో చీకటి కోణం ఉంది. మైలుతుత్తంలో ఉండే రాగి నేలలో కరిగిపోదు, పేరుకుంటుంది, వానపాములకు మంచిది కాదు. అందుకే యూరప్‌లో 2019 నుంచి హెక్టారుకు ఏడేళ్లలో 28 కిలోలకు మించి రాగి వాడకూడదన్నారు, అంటే సగటున ఏడాదికి 4 కిలోలు. అట్లాంటిక్ గాలికి తడిసే నాంత్ ప్రాంతంలో, వానలు ఎక్కువైన ఏడాది ఈ హద్దులో ఉండటం గట్టి పరీక్ష. దాన్ని నెగ్గుకొచ్చే రైతుల సీసాకు నేను నాలుగు రూపాయలు ఎక్కువైనా ఇస్తాను.

దీనికి తోడు మంచు. మెలోన్ తొందరగా చిగురిస్తుంది. ఏప్రిల్‌లో ఒక్క రాత్రి మంచు గడ్డకడితే ఆ ఏటి పంట పోయినట్టే. 2021 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లో చాలాచోట్ల అదే జరిగింది.

బయోడైనమిక్, నేచురల్ వైన్ కూడా ఇదేనా?

కాదు. బయోడైనమిక్ అనేది 1924లో రూడాల్ఫ్ స్టైనర్ ఇచ్చిన ఉపన్యాసాలతో మొదలైన పద్ధతి. ఆవు కొమ్ములో పేడ నింపి చలికాలమంతా భూమిలో పాతి, తీసి, నీటిలో కలిపి చల్లుతారు. చంద్రుని గతిని చూసి పనులు చేస్తారు. మన అరకు కాఫీ రైతుల్లోనూ ఈ పద్ధతి వాడేవాళ్లున్నారు. చంద్రుడి లెక్కలకు శాస్త్రం పెద్దగా మద్దతివ్వదు, కానీ ఆ తోటల్లో మనిషి ఎక్కువసేపు తిరుగుతాడు, ప్రతి తీగనూ చూస్తాడు. ఆ శ్రద్ధ ఫలితమిస్తుందని నా నమ్మకం. నేచురల్ వైన్ అంటే తయారీ గదిలో దాదాపు ఏమీ కలపకపోవడం. రుచి ఒక్కోసారి అద్భుతంగా ఉంటుంది, ఒక్కోసారి చెడిపోయిన కల్లులా ఉంటుంది.

సేంద్రియం కదా, సల్ఫైట్లు ఉండవా?

ఉంటాయి. సల్ఫైట్లంటే వైన్ పాడవకుండా కాపాడే గంధకపు సమ్మేళనాలు. పులిసేటప్పుడు ఈస్ట్ స్వయంగా కొంత తయారుచేస్తుంది. పాడవకుండా ఇంకొంత కలుపుతారు. యూరప్‌లో తీపిలేని మామూలు వైట్ వైన్‌కు లీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా అనుమతి, సేంద్రియానికి 150. అమెరికాలో మాత్రం ‘ఆర్గానిక్ వైన్’ అని రాయాలంటే అసలు కలపకూడదు. కాబట్టి బావగారు తెచ్చిన సీసా ఏ దేశపు ముద్రతో ఉందో చూసి మాట్లాడాలి. ఉబ్బసం ఉన్నవాళ్లలో కొందరికి సల్ఫైట్లు పడవు, వాళ్లు జాగ్రత్తగా ఉండాలి.

ఆరోగ్యానికి మంచిదా?

మంచిది కాదు. సేంద్రియ వైన్‌లోనూ ఉన్నది ఆల్కహాలే, అది క్యాన్సర్ కారకం. ఏ మోతాదూ పూర్తిగా సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. సేంద్రియ ముద్ర పొలం గురించి ఇచ్చిన మాట. నేలకు, నీటికి, తోటలో పనిచేసే కూలీ ఊపిరితిత్తులకు మేలు. మీ కాలేయానికి అది హామీ కాదు. గర్భిణులు, కాలేయ జబ్బు ఉన్నవాళ్లు, మెట్రోనిడజోల్ లాంటి మందులు వాడుతున్నవాళ్లు ముట్టుకోవద్దు. మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండాలి. తాగి బీచ్ రోడ్డు మీద బండి నడపడం గురించి వేరే చెప్పక్కర్లేదు.

ముస్కాడే సీసా మీద ‘సుర్ లీ’ అని ఉంది. ఏమిటది?

పులియడం అయ్యాక అడుగున చేరే ఈస్ట్ మడ్డిని తీసేయకుండా, చలికాలమంతా వైన్‌ను దాని మీదే ఉంచి, మరుసటి ఏడు నేరుగా సీసాల్లో నింపుతారు. ఈస్ట్ కణాలు మెల్లగా కరిగి వైన్‌కు మెత్తదనం, పిండి వాసన ఇస్తాయి. గ్లాసులో పోయగానే అంచు వెంట చిన్న చిన్న బుడగలు కనిపిస్తాయి, నాలుక మీద చిమచిమలాడతాయి. మడ్డి దగ్గరే మిగిలిపోయిన బొగ్గుపులుసు వాయువు అది, పాడైనట్టు కాదు. క్లిస్సోన్, గోర్జ్ వైన్లను మడ్డి మీద కనీసం 24 నెలలు ఉంచాలి. చెక్క పీపాలు కాకుండా, నేలలో కట్టిన, లోపల గాజు పలకలు అతికించిన సిమెంటు తొట్లు ఆ ప్రాంతపు పాత ఆనవాయితీ.

సీసా అడుగున చక్కెర పలుకుల్లాంటివి ఉన్నాయి, కల్తీయా?

కాదు. ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లం పొటాషియంతో కలిసి చలికి గట్టిపడిన స్ఫటికాలు. నెమ్మదిగా వంచి పోసుకోండి.

శాకాహారులకు పనికొస్తుందా?

ముద్రను చూసి నిర్ణయించలేం. వైన్‌ను తేర్చడానికి కొందరు గుడ్డు తెల్లసొన, పాల కేసిన్, చేప గాలితిత్తి నుంచి తీసిన జిగురు వాడతారు. సేంద్రియ నిబంధనలు వీటిని నిషేధించలేదు. బెంటొనైట్ అనే మట్టితో తేర్చినవీ, అసలు తేర్చనివీ ఉంటాయి. ‘వీగన్’ అని రాసి ఉంటేనే నిశ్చింత.

మన వంటల్లో దేనితో బాగుంటుంది?

నాంత్ వాళ్లు ఆల్చిప్పల మాంసంతో తాగుతారు. మనకు ఫిషింగ్ హార్బర్ ఉంది. నెత్తళ్ల వేపుడు మొదటి మాట. కరకరలాడే ఉప్పటి చేపను ఈ పులుపు కడిగేస్తుంది. చందువ పెనం మీద వేయించి నిమ్మ పిండితే ఇంకా బాగుంటుంది. పీతలను పసుపు, ఉప్పుతో ఉడికించి తింటే ఆ తీపికి చక్కగా కలుస్తుంది. అరకు బొంగులో చికెన్‌తో కూడా ప్రయత్నించండి, కారం తక్కువ వేయించుకుంటే మంచి జోడీ.

వంజరం పులుసుతో నేను వద్దంటాను. చింతపండు పులుపు ముందు వైన్ నీళ్లలా అవుతుంది. ఎర్ర కారంతో ఆల్కహాల్ కలిస్తే మంట రెట్టింపవుతుంది. పులుసుకు అన్నమే తోడు, దాన్ని అలాగే వదిలేయండి.

విశాఖ ఎండలో ఎలా దాచాలి? ఎంత చల్లగా తాగాలి?

వేడి ఈ వైన్‌ను చంపేస్తుంది. వంటింటి అటక మీద, మధ్యాహ్నం బీచ్‌లో ఆపిన కారు డిక్కీలో పెట్టకండి. సెల్లార్ లేని ఇంట్లో ఫ్రిజ్ అడుగు అరే దిక్కు, కొన్ని నెలలకు అది చాలు. 8 నుంచి 10 డిగ్రీల మధ్య పోయండి. తొందరైతే బకెట్లో ఐసుతో పాటు నీళ్లు కూడా పోసి సీసాను ముంచితే ఇరవై నిమిషాల్లో అవుతుంది. ఉత్త ఐసులో పెడితే అంతకు రెట్టింపు సమయం పడుతుంది. మన గాలికి గ్లాసు త్వరగా వేడెక్కుతుంది కాబట్టి కొద్దికొద్దిగా పోసుకోండి. తెరిచిన సీసాకు బిరడా పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే మూడు రోజులు బాగుంటుంది.

ఇక్కడ దొరుకుతుందా? కొనేటప్పుడు ఏం చూడాలి?

సేంద్రియ ముస్కాడే మన ఊరి దుకాణాల్లో కనిపించడం అరుదు. దిగుమతి సుంకాల వల్ల ధర కూడా ఎక్కువే. విదేశాల నుంచి వచ్చేవాళ్లు 2 లీటర్ల వరకు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు, అంటే మామూలు సీసాలు రెండు. తెప్పించుకునేటప్పుడు ముందు చీటీ మీద ‘ముస్కాడే సెవ్ర్ ఎ మెన్’ అని, ‘సుర్ లీ’ అని ఉందా చూడమనండి. వెనక చీటీ మీద ఆకు గుర్తు, దాని కింద తనిఖీ సంస్థ కోడ్ సంఖ్య ఉండాలి. తోటలోనే సీసాల్లో నింపామని రాసి ఉంటే ఇంకా మేలు. సంవత్సరం చూడండి: మామూలుదైతే మూడు నాలుగేళ్ల లోపుది తీసుకోండి, క్లిస్సోన్ లేదా గోర్జ్ పేరుంటే పాతదైనా ఫరవాలేదు.